కట్ట తెగకముందు

మా మేనకోడలు ఇంజనీరింగు చదువుతోంది. ఇందులో విశేషమేమీ లేదు. ఏలూరులో ఏ వీధిలోనైనా నాలుగిళ్ళు లెక్కపెడితే, రెండిళ్ళలో ఇంజనీరింగు చదివే పిల్లలో, చదివి హైదరాబాదు వెళ్ళిపోయిన పిల్లల తల్లిదండ్రులో కనిపిస్తారు. విశేషమల్లా ఏమిటంటే, తెలుగు ఎం. ఏ. చదివి, ఇరవయ్యేళ్ళుగా కాలేజీలో ప్రబంధాలూ ఛందస్సూ చెప్పుకుంటున్న నా చేతిలో ఆ పిల్ల పుస్తకం ఒకటి పడటం. పడ్డాక నేను దాన్ని వదలలేకపోవడం.

పిల్ల మా అన్నయ్య కూతురు. అన్నయ్యా వదినా కైకలూరు దగ్గర పల్లెటూళ్ళో వుంటారు. పిల్ల ఇంటర్మీడియేటు నుంచీ మా ఇంట్లోనే వుండి చదువుకుంటోంది. రోజూ పొద్దున్నే ఏలూరులో రైలెక్కి, దెందులూరు, భీమడోలు, పూళ్ళ దాటి గూడెంలో దిగుతుంది. తాడేపల్లిగూడేన్ని మావైపు గూడెం అంటే చాలు. ఒకప్పుడు గూడెమంటే ఉల్లిపాయల మార్కెట్టూ, బియ్యం మిల్లులూ జ్ఞాపకం వచ్చేవి. ఇప్పుడు కాలేజీలు జ్ఞాపకం వస్తాయి. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో విమానాలు దిగడానికి చదునుచేసిన నేలలో ఇవాళ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ వుంది. ఆ సంస్థ 2015 లో వచ్చింది. మా పిల్లది అది కాదు లెండి. కాకినాడ జె. ఎన్. టి. యు. కింద మన జిల్లాల్లో వున్న అనేక కాలేజీల్లో ఒకటి.

ఒకనాడు రాత్రి భోజనాలయ్యాక ఆ పుస్తకం తెచ్చి నా బల్లమీద పెట్టింది.

"అత్తయ్యా, ఇది లెక్కలూ కాదు, ప్రోగ్రాములూ కాదు. అన్నీ మాటలే. బట్టీపట్టి రాసేసే సబ్జెక్టు అంటారు మా క్లాసులో. అచ్చం నీ సబ్జెక్టులాగే వుంది. కాస్త చదివి చెబుదూ?"

నా సబ్జెక్టుమీద ఆ విసురుకు జవాబు తరవాత చెబుదామనుకుని పుస్తకం తెరిచాను. సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగు అని పేరు. కంప్యూటర్లు చదివే పిల్లలందరికీ తప్పనిసరి పాఠమట.

నాకు అర్థమైనంతవరకు సంగతి ఇది. కంప్యూటరు ఏంచెయ్యాలో చెప్పే ఆదేశాల వరసే ప్రోగ్రాము. ఒకడు తనకోసం రాసుకుంటే ఏ గొడవా లేదు. ఇంట్లో ముగ్గురికి పులుసు పెట్టుకోవడంలాంటిది. పదిమంది కలిసి, వేలమంది కోసం, పదేళ్ళు నిలిచేట్టు రాయాలంటే మాత్రం అది పెళ్ళివంట. పెళ్ళివంటకు రుచి తెలిసిన చెయ్యి ఒకటుంటే చాలదు. విస్తళ్ళు ఎన్ని లేస్తాయి, ఏ పొయ్యిమీద ఏది ఎప్పుడు ఎక్కాలి, పెరుగు తోడుకోకపోతే ఎవరు జవాబుదారు, ఇవన్నీ ముందే తేలాలి. 1960 తరవాత అమెరికాలోనూ ఐరోపాలోనూ పెద్దపెద్ద ప్రోగ్రాములు తలపెట్టినవాళ్ళకు ఈ సంగతి చేతులు కాలాక తెలిసింది. గడువులు దాటిపోయేవి, ఖర్చు మించిపోయేది, తీరా తయారయ్యాక తప్పులు బయటపడేవి. 1968 అక్టోబరులో జర్మనీలో గార్మిష్ అనే వూళ్ళో, నాటోవారి ఆధ్వర్యాన, ఈ విద్యలో పేరున్నవాళ్ళు కొందరు సమావేశమయ్యారు. వంతెన కట్టేవాడికి ఒక శాస్త్రమూ ఒక క్రమమూ వున్నట్టే దీనికీ వుండాలి గదా అని, ఆ సభకు పెట్టిన పేరే సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగు. ఆ పేరు నిలిచిపోయింది.

క్రమం వినడానికి చాలా చిన్నది. ఎవరికి ఏం కావాలో అడిగి రాసుకోవాలి. ఎలా కట్టాలో నక్షా గీసుకోవాలి. ఆ తరవాతే ప్రోగ్రాము రాయాలి. రాసినదాన్ని పరీక్షించాలి. అప్పగించాక కూడా చూసుకుంటూ వుండాలి. మెట్లమీదనుంచి నీళ్ళు దిగినట్టు ఒకదాని తరవాత ఒకటి. అందుకని దీన్ని జలపాతం పద్ధతి అంటారు.

ఇక్కడే నాకు భలే నచ్చిన కథ ఒకటి వుంది. 1970 లో విన్‌స్టన్ రాయిస్ అనే ఇంజనీరు ఒక వ్యాసంలో ఈ మెట్ల బొమ్మ వేశాడు. వేసి, వట్టిగా ఇలా పైనుంచి కిందికి దిగిపోతే ప్రమాదమని అక్కడే రాశాడు. మిగతా వ్యాసమంతా దాన్ని ఎలా సరిదిద్దాలో చెప్పాడు. మన శాస్త్రగ్రంథాల్లో ముందు పూర్వపక్షం చెప్పి, దాన్ని ఖండించి, ఆ పైన సిద్ధాంతం చెబుతారు చూడండి; తొందరపడి మొదటి పుట చదివి లేచిపోయినవాడు పూర్వపక్షమే సిద్ధాంతమనుకుంటాడు. రాయిస్‌కు సరిగ్గా అదే గతి పట్టింది. లోకం బొమ్మ పట్టుకుపోయింది, హెచ్చరిక వదిలేసింది. జలపాతమన్న పేరు కూడా ఆయన పెట్టింది కాదు. మా పిల్లకు ఇది చెబితే, "పరీక్షలో బొమ్మకే మార్కులు అత్తయ్యా, హెచ్చరికకు లేవు" అంది.

జలపాతంతో విసిగినవాళ్ళు పదిహేడుమంది 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో, మంచుకొండల్లో ఒకచోట కూర్చుని ఇంకో దారి చెప్పారు. కొంచెం చెయ్యి, కావలసినవాడికి చూపించు, దిద్దుకో, మళ్ళీ కొంచెం చెయ్యి. దీనికి ఎజైల్ అని పేరు. మన వంటింటి పద్ధతే. వుప్పు వేసి రుచిచూసి మళ్ళీ వెయ్యడం.

ఇవన్నీ సరదాగానే చదివాను గాని, నన్ను పట్టి నిలబెట్టింది వేరే అధ్యాయం. అమెరికాలో పిట్స్‌బర్గు నగరంలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వుంది. మన రాజ్ రెడ్డిగారు 1969 నుంచీ పాఠాలు చెప్పిన చోటు. ఆనాటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994 లో ట్యూరింగ్ బహుమతి అందుకున్న మనిషి ఆయన. పల్లెటూరి పిల్లలకోసం 2008 లో పెట్టిన ట్రిపుల్ ఐటీల విశ్వవిద్యాలయానికి మొదటి ఛాన్సలరు కూడా; వాటిలో నూజివీడుది ఇప్పుడు మా ఏలూరు జిల్లాలోదే. ఆ కార్నెగీ మెలన్‌లో 1984 లో సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగు సంస్థ ఒకటి పెట్టారు. వాళ్ళు ఒక కంపెనీ పనితనాన్ని కొలవడానికి అయిదు మెట్లు కట్టారు. అన్నిటికన్నా కింది మెట్టు ఏదో తెలుసా? ఎవరో ఒకరిద్దరు వీరుల పుణ్యాన పని గట్టెక్కే చోటు. ఆ వీరుడు రాత్రింబవళ్ళు కూర్చుని గండం గడిపిస్తాడు. అందరూ చప్పట్లు కొడతారు. అతనికి జ్వరం వస్తే ఆ కంపెనీ పని సరి. పై మెట్లన్నీ, పని ఒక మనిషి త్యాగంమీద కాకుండా ఒక పద్ధతిమీద నిలబడేట్టు చెయ్యడానికే.

ఈ మాట చదివి చాలాసేపు పుస్తకం ముయ్యలేదు. ఎందుకంటే మా వూళ్ళో పెద్ద కాలేజీకి ఎవరి పేరున్నదో మీకు తెలుసు: సర్ కట్టమంచి రామలింగారెడ్డిగారు. ఆయనా చిత్తూరువారే. 1945 లో పుట్టిన ఆ కాలేజీ మా ఏలూరుకు చదువుల వాకిలి తెరిచింది. రెడ్డిగారు తాను విద్యార్థిగా వుండగా రాసిన కావ్యం ముసలమ్మ మరణము. అనంతపురం సీమలో బుక్కరాయసముద్రం చెరువు పొంగి కట్ట తెగబోతుంటే, వూరిని కాపాడటానికి ఒక ఇంటి చిన్నకోడలు తనను తాను బలి ఇచ్చుకున్న కథ. ఎన్ని సంవత్సరాలు పాఠం చెప్పానో! చెప్పిన ప్రతిసారీ వెనక బెంచీల్లో ఆడపిల్లలు కళ్ళు తుడుచుకుంటారు. నేనూ కరుణరసం దగ్గర ఆగేదాన్ని. ఈ ఇంజనీరింగు పుస్తకం చదివాక నాకు ఇంకో ప్రశ్న పుట్టింది. ఆ కట్టమీద అంతకుముందు ఎండాకాలంలో మన్ను పొయ్యవలసింది ఎవరు? ఎలకబొరియలు చూడవలసింది ఎవరు? కలుజు పూడిపోయిందని చెప్పవలసింది ఎవరు? వాళ్ళెవరి పేర్లూ కావ్యంలోకి ఎక్కవు. వాళ్ళు పనిచేసిన వూళ్ళో కావ్యమే పుట్టదు.

తమ్మిలేరు పొంగితే నిద్రపోని వూరు మాది. ఈ ప్రశ్న మాకు కొత్తది కాకూడదు.

సరే, కాలేజీల్లో ఈ విద్య ఎలా నేర్పుతున్నారంటారా? పాఠం ఒక సెమిస్టరులో అయిపోతుంది. చివరి ఏడు ప్రాజెక్టు. నలుగురేసి పిల్లలు జట్టుకట్టి ఏదో ఒకటి తయారుచెయ్యాలి, దానికి పెద్ద రికార్డు రాయాలి. ఎవరికి ఏం కావాలో మొదటి అధ్యాయం, నక్షాలు రెండోది, ఇలా. అయితే చాలామంది ముందు ప్రోగ్రాము రాసేసి, అది ఏది చేస్తే అదే కావాలని ఎవరో అడిగినట్టు తరవాత మొదటి అధ్యాయం రాస్తారు. పెళ్ళయ్యాక జాతకాలు చూసినట్టన్నమాట. అన్ని పొంతనలూ కుదురుతాయి. డబ్బిస్తే ప్రాజెక్టూ రికార్డూ కలిపి అమ్మే దుకాణాలు కూడా పట్టణాల్లో వున్నాయి. పిల్లల్ని మాత్రం ఏమనగలం? క్లాసులు ఒకపక్క, వుద్యోగాల పరీక్షలు ఒకపక్క, ఇంట్లో వాళ్ళ "ప్యాకేజీ ఎంత?" అన్న ప్రశ్న ఇంకోపక్క.

మా పిల్ల జట్టులో ఇద్దరు మగపిల్లలు, ఇంకొక అమ్మాయి. ఆ అమ్మాయిని మా ఇంట్లో చిట్టి అంటాం. పూళ్ళలో రైలెక్కుతుంది. తండ్రి లేడు, తల్లి బట్టలు కుడుతుంది. నలుగురిలోకీ బుర్ర వున్న పిల్ల. చిట్టి చెయ్యిపడితే ఎంత చిక్కుపడ్డ ప్రోగ్రామైనా దారికి వస్తుందనేవారు. కొన్నాళ్ళకు ఆ మాట "చిట్టి చూసుకుంటుంది లే" గా మారింది. మిగతా ముగ్గురూ రికార్డుకు అట్టలు వేయించే పనిలో పడ్డారు.

ప్రాజెక్టు విషయం మా పిల్ల తెచ్చిందే: రొయ్యల చెరువు లెక్కలు చూపించే ఫోను ప్రోగ్రాము. అన్నయ్యవి ముందు చేపల చెరువులు. శీలావతీ బొచ్చే పెంచేవాడు. మన దేశంలో వెనామీ రొయ్యకు 2009 లో అనుమతి వచ్చాక చుట్టుపక్కల చాలామందిలాగే అతనూ ఒక చెరువు రొయ్యకు మార్చాడు. పాఠకులకు సందేహం రావచ్చు గనక చెబుతున్నాను, అది కొల్లేటి అభయారణ్యం హద్దుకు బయట వున్న సొంత భూమి. 1999 లో సరస్సును అభయారణ్యం చేశారు. 2006 లో లోపలి చెరువుల గట్లు తెగ్గొట్టారు. ఆ గొడవ వేరే వ్యాసం.

చిట్టి చాలా అందమైన ప్రోగ్రాము చేసింది. ఫోను తెరిస్తే నీటి వేడీ, ఉప్పూ, ఆక్సిజనూ రంగురంగుల గీతల్లో కనిపిస్తాయి. మేత ఖాతా వుంది. రొయ్య బరువు లెక్క వుంది. సంక్రాంతికి మేము వూరెడుతూ దాన్ని చెరువుమీద చూపించాలనుకున్నాం. పండగపూట తల్లిని ఒంటరిగా వదలలేక చిట్టి రాలేదు.

చెరువుగట్టుమీద పాకలో కాపలా ఆయన వుంటాడు. యాభై దాటినవాడు. మా పిల్ల ఫోను పట్టుకుని అన్నీ చూపించింది. ఆయన ఓపిగ్గా చూశాడు.

"బొమ్మలు బాగున్నాయి అమ్మాయిగారూ. మరి ఇది నన్ను లేపుద్దాండీ?"

"ఎప్పుడు బాబాయ్?"

"రాత్రి కరెంటు పోయినప్పుడండి."

రొయ్యల చెరువులో నీళ్ళు చిలికే ఏరియేటర్లు వుంటాయి. రాత్రిపూట అవి ఆగకూడదు. తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ ఎలాగూ బాగా పడిపోతుంది. అప్పుడు కరెంటు పోయి, జనరేటరు వెయ్యడం ఆలస్యమైతే, నెలల తరబడి పోసిన మేతా, బ్యాంకు అప్పూ, అన్నీ ఒక్క పూటలో తేలిపోతాయి. జనరేటరు వెయ్యవలసినవాడు ఈయన.

"ఇప్పుడెలా లేస్తున్నావు మరి?" అన్నాను.

"చప్పుడుంటే నిద్రపోతానండి. చప్పుడాగితే మెలకువొచ్చేద్దండి."

"గాలీ వానా హోరులో చప్పుడు తెలియకపోతే?"

"ఆ రాత్రి నిద్రపోనండి."

పంటకాలం నాలుగు నెలలు. ఆ నాలుగు నెలలూ ఈ మనిషి ఒక చెవి చెరువులో వేసి పడుకుంటాడు. పైగా ఆయన దగ్గరున్నది మీటలు నొక్కే పాత ఫోను. రంగుల గీతలు అందులో కనిపించవు.

నా సంచీలో ఎప్పుడూ ఒక నోట్సు పుస్తకం వుంటుంది. ఎం. ఏ. లో జానపద గేయాలు సేకరించడానికి పంపినప్పుడు మా గురువులు ఒకటే చెప్పారు: మనిషి అన్నమాట అన్నట్టే రాసుకో, దిద్దకు, నీ భాషలోకి మార్చకు. ఆ అలవాటుకొద్దీ ఆయన మాటలన్నీ రాసుకున్నాను. మా పిల్ల వాళ్ళ రికార్డులో అంతకుముందే ఇంగ్లీషులో ఒక వాక్యం రాసి వుంది. వినియోగదారుడు నీటి గుణగణాలను దర్శించగలగాలి అని దాని భావం. నా పుస్తకంలో "నన్ను లేపుద్దాండీ" అని వుంది. రెండూ పక్కపక్కన పెట్టుకుని పిల్ల చాలాసేపు చూసింది.

ఏలూరు తిరిగొచ్చి చిట్టికి చెబితే ఆ పిల్ల, "దాందేముంది, అదికూడా కలుపుతాను" అన్నది. ఉన్నది ఏదీ తియ్యదు. ఇది పైన చేరుతుంది. ఇంకో రెండుగంటలు నిద్ర తగ్గింది. ఫిబ్రవరిలో టైఫాయిడ్ వచ్చి ఏలూరు ఆసుపత్రిలో చేరింది. ప్రాజెక్టు పరీక్ష మూడువారాల్లో వుంది.

మిగతా ముగ్గురూ ఆ పిల్ల ప్రోగ్రాము తెరిచి తెల్లబోయారు. ఫైళ్ళపేర్లు ఫైనల్, కొత్త ఫైనల్, అసలు ఫైనల్. లోపల ఏది ఎందుకు చేస్తోందో ఒక్క ముక్క రాసిలేదు. రాసే తీరికేదీ ఆ పిల్లకు? ఆ సాయంత్రం మా వరండాలో పెద్ద పంచాయితీ జరిగింది. ఒక కుర్రాడు, కంప్యూటరు ఆసుపత్రికే తీసుకెడదాం, మంచంమీద కూర్చుని రెండుగంటలు చూస్తే చాలు గదా అన్నాడు. చెడ్డవాడు కాదు. భయపడినవాడు.

మా పిల్ల గొంతు అంత పైకి లేవడం నేనెప్పుడూ వినలేదు. "జ్వరంతో వున్నదాని దగ్గరికి ఎవరు వెడతారో వెళ్ళండి. నేను పరీక్ష తప్పినా సరే. మనం పుస్తకంలో చదివిన మొదటి మెట్టు అంటే ఇదే. ఒక్కళ్ళమీద వేసి కూర్చున్నాం."

రెండోవాడు, పై క్లాసుల స్నేహితులు ఇద్దరిని పిలుద్దామన్నాడు. దానికీ పుస్తకంలోనే జవాబు దొరికింది. ఐ.బి.ఎం. కంపెనీలో పెద్ద పని నడిపిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975 లో రాసిన పుస్తకంలో, ఆలస్యమైన పనికి కొత్త మనుషుల్ని చేరిస్తే ఇంకా ఆలస్యమవుతుందన్నాడట. వచ్చినవాళ్ళకు సంగతి చెప్పడానికే వున్నవాళ్ళ పొద్దు చాలదు. ఊడ్పులకు పదిమంది బదులు ఇరవైమందిని దింపితే సగం పొద్దుకే అవుతుంది గాని, ఎంతమంది గట్టున నిలబడితే మాత్రం పైరు వేళకు ముందు ఈనుతుందా?

మర్నాడు ముగ్గురూ వాళ్ళ మాస్టారి దగ్గరికి వెళ్ళారు. కుర్ర లెక్చరరు, ఆ వుద్యోగంలో చేరి ఎక్కువ కాలం కాలేదు. ఆయనమీద నాకు గౌరవం కలిగింది. కోప్పడలేదు, కనికరించనూ లేదు. "మీరు కట్టేవాటిలో ఏ ఒక్కటి లేకపోతే మిగతావన్నీ దండగ?" అని అడిగాడట. ముగ్గురూ ఒకేసారి "లేపడం" అన్నారట. అయితే మిగతావి ఆపేస్తున్నామని, ఎందుకో కారణం చెబుతూ కాగితం రాసి తెండి, సంతకం పెడతాను అన్నాడు. ఆ కాగితం కూడా వాళ్ళ పాఠంలో వున్నదే. దాన్ని నిజంగా ఒకరు రాయడం తన సర్వీసులో అదే మొదటిసారి అన్నాడట.

అప్పటినుంచి రోజూ రైల్లో సమావేశం. ఎజైల్ పద్ధతిలో జట్టువాళ్ళు ప్రతి ఉదయం పదిహేను నిమిషాలు నిలబడి మాట్లాడుకోవాలి: నిన్న ఏంచేశాను, ఇవాళ ఏంచేస్తాను, ఎక్కడ ఆగిపోయాను. కూర్చుంటే మాటలు సాగుతాయని నిలబడమన్నారు. ఆ వేళప్పుడు గూడెం వెళ్ళే రైల్లో కూర్చోవడానికి చోటెక్కడ? భీమడోలులో ఒక కుర్రాడు ఎక్కగానే మొదలయ్యేది. గూడెంలో వుండే రెండోవాడు ఫోనులో వినేవాడు.

చివరికి తేలింది చిన్న పెట్టె. ఏరియేటర్ల కరెంటు పోతే తెలుసుకుంటుంది. లోపల బ్యాటరీ, సిమ్ముకార్డు. కాపలా ఆయన పాత ఫోనుకు మోగిస్తుంది. ఎత్తకపోతే మళ్ళీ మోగిస్తుంది. మూడుసార్లకూ ఎత్తకపోతే అన్నయ్యకు మోగిస్తుంది. అంతే. చెరువుమీదికి పంపేముందు మా ఇంట్లో పరీక్షలు పెట్టారు. రెండు పేజీల పట్టిక రాసుకున్నారు. ఫోను మాట్లాడుతూ వుంటే? బ్యాటరీ సగంలో అయిపోతే? కరెంటు పోయి నిమిషంలో తిరిగొస్తే? మావారు టీవీలో వార్తలు చూస్తూండగా మెయిను తీసేవారు. ఆయన మూడురోజులు వూరుకుని, నాలుగోరోజు నుంచి వార్తలు పక్కింట్లో చూశారు.

కాలేజీ పరీక్షలో మార్కులు ఒక మోస్తరు. వచ్చిన ఎగ్జామినరు "ఇంతేనా? యాప్ ఏదీ?" అన్నాడట. రంగుల గీతలున్న జట్లకు ఎక్కువ వచ్చాయి. మా పిల్ల దానికి పెద్దగా బాధపడలేదు. బాధపడవలసిన సంగతి వేరే వుంది.

చిట్టి ఆసుపత్రినుంచి ఇంటికొచ్చి, మార్చి నెల్లో ఒక ఆదివారం మా ఇంటికి వచ్చింది. మనిషి సగమైపోయింది. కాఫీ తాగి, పెట్టె చూసి, "నా ప్రోగ్రాము ఏదే?" అంది. పక్కన పెట్టాం అంది మా పిల్ల. ఆ పిల్ల ఏమీ మాట్లాడలేదు. కాసేపటికి, "నేను లేకుండానే అయిపోయిందన్నమాట" అని ఏడ్చింది.

నాకు ఏమనాలో తెలియలేదు. నీ ఆరోగ్యంకోసమే గదమ్మా అనడం సులువు. కాని ఆ జట్టులో ఆ పిల్లకు ఇల్లూ, డబ్బూ, చెప్పుకునే చుట్టాలూ ఏవీ లేని చోట వున్న ఒక్క ఆస్తి అది: నేను లేకపోతే వీళ్ళ పని జరగదు అన్నది. అది మేము తీసేశాం. ముసలమ్మను కట్టదగ్గరికి వెళ్ళవద్దమ్మా, మన్ను పోయించాం అని చెబితే ఆవిడ మొహం ఎలా వుండేదో కట్టమంచివారు రాయలేదు. మా పిల్లా కళ్ళు తుడుచుకుంటోంది. ఓదార్చడం చేతగాక, నేను లోపలికి వెళ్ళి నా నోట్సు పుస్తకం తెచ్చి చిట్టి చేతికిచ్చాను.

కొల్లేటి పేజీలు మొదటినుంచీ చదివింది. "నన్ను లేపుద్దాండీ" దగ్గర కొంచెం నవ్వింది. ఇంకో రెండు పేజీలు తిప్పి, తలెత్తి, "పాకలో సిగ్నలు వుంటుందా అండీ? గట్టుమీద వుంటుంది సరే. ఆయన పడుకునేచోట?" అంది.

రెండు పేజీల పరీక్షల పట్టికలో ఆ ప్రశ్న లేదు. మా పిల్ల అప్పటికప్పుడు అన్నయ్యకు ఫోను చేసింది. మంచం తల ఎటు వుంటే అందుతుందో, ఎటు వుంటే అందదో ఆ రాత్రే తేలింది. మంచం తిప్పించారు.

ఏప్రిలునుంచీ పెట్టె చెరువుమీద వుంది. చిట్టికి హైదరాబాదులో వుద్యోగం వచ్చింది, జూలైలో చేరాలి. పెట్టెలోని ప్రోగ్రామంతా తనే మళ్ళీ శుభ్రంగా రాసింది. ఈసారి పేర్లన్నీ మనుషులు చదివేలా పెట్టింది. ఏది ఎందుకు చేస్తోందో పక్కన తెలుగులో రాసింది, ఇంగ్లీషు అక్షరాలతో. గూడెం కుర్రాడు, నాకూ అర్థమైందండీ అని గర్వంగా చెప్పాడు.

మొన్న గురువారం రాత్రి గాలివాన వచ్చింది. పొద్దున్నే అన్నయ్య ఫోను. రాత్రి మూడుసార్లు కరెంటు పోయిందట. రెండుసార్లు పెట్టె మోగిందట, కాపలా ఆయన లేచి జనరేటరు వేశాడట. మూడోసారి మోగలేదట, ఆయన ఎలాగూ మేలుకునే వున్నాడు గనక సరిపోయిందిగాని. ఎందుకు మోగలేదో చూడటానికి ఈ ఆదివారం పిల్లలిద్దరూ కైకలూరు బస్సు ఎక్కుతున్నారు. నన్నూ రమ్మన్నారు, నోట్సు పుస్తకం తెమ్మన్నారు.